నాన్న పోయారు, అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంది. ఏం చేయాలి?

తెనాలి_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు 48 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. అమ్మాయి ఇంజనీరింగ్, అబ్బాయి ఇంటర్. మా నాన్నగారు ఈ సంక్రాంతి వెళ్లాక పోయారు. 79 ఏళ్లు. రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. గుండెపోటన్నారు. వచ్చినవాళ్లందరూ "పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయాడు" అన్నారు. నిజమే కావచ్చు. మాకు మాత్రం ఒక్క మాటయినా మాట్లాడుకునే వ్యవధి లేకపోయింది.

అమ్మకి 74. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు. తెనాలిలో నాన్న కట్టించిన ఇల్లు ఉంది, పైవాటా ఖాళీ. తమ్ముడు డాలస్‌లో, చెల్లెలు బెంగళూరులో. పెద్దకర్మ అయిన సాయంత్రం మా మేనమామలూ బాబాయిలూ హాల్లో కూర్చుని "ఈవిణ్ణి ఎక్కడ పెడదాం" అని మొదలుపెట్టారు. తలా నాలుగు నెలలని ఒకరు, ఇల్లు అమ్మేసి ఆ డబ్బు ఆవిడ పేర వేయమని ఇంకొకరు. అమ్మ వంటింటి గుమ్మంలో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ప్రతి మాటా వినబడుతోంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడా ఏమీ అనలేదు. తీసినవి ఒక పళ్లెంలో, తీయనివి ఇంకో పళ్లెంలో పెట్టుకుంటూ పోయింది. చివరికి రెండూ కలిపేసి మళ్లీ మొదట్నుంచి ఒక్కో కాయా చూడటం మొదలుపెట్టింది.

అప్పట్నుంచి వీలైన శుక్రవారమల్లా నారాయణాద్రి ఎక్కి అర్ధరాత్రి తెనాలిలో దిగుతున్నాను. ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కి, సోమవారం పొద్దున సికింద్రాబాద్ నుంచి అటే ఆఫీసుకి. హైదరాబాద్ రమ్మంటే "చూద్దాంలే" అంటుంది. తమ్ముడు ఇల్లు అమ్మేద్దామంటాడు. నాకు తేలడం లేదు.

ఇంకోటి. నాన్న పోయిన దగ్గర్నుంచి నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు ఫ్రీజర్ బాక్స్ తెప్పించడం, తమ్ముడి విమానం ఎప్పుడు దిగుతుందో చూసుకోవడం, వచ్చినవాళ్లకి కాఫీలు, పంతులుగారి లిస్టు. తర్వాత మునిసిపాలిటీ, బ్యాంకు. ఇప్పుడు ఆఫీసులో మామూలుగా పనిచేసుకుంటుంటే ఉన్నట్టుండి గుండె దడ పుడుతోంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. ఈ వయసులో అమ్మానాన్నలు పోవడం అందరికీ ఉండేదే అంటారు. మీరంతా ఎలా తట్టుకున్నారు?

మానేరు_ఒడ్డున:

అక్కా, మా ఇంట్ల గదే అయింది. మాది కరీంనగర్ దిక్కు ఊరు. బాపు పోయినంక అమ్మను ముగ్గురు అన్నదమ్ములం నెలకొకరం చూసుకుందామనుకున్నం. పెద్దమనుషుల ముంగట మాట్లాడుకున్నం, ఎవలికీ భారం కావద్దని. మొదాల బాగనే ఉండె. తర్వాత మా ఇంటామె ఒక మాట చెప్పింది. అమ్మ సంచి విప్పుతలేదని. రెండు చీరెలు, మందుల డబ్బ, చద్దరు, అన్నీ ఆ సంచిలనే. అల్మారల జాగ ఇచ్చినా పెట్టుకోదు. నెల ఆఖరుకు రాంగనే తనే అడుగుడు, "నన్ను ఎప్పుడు దించివస్తవు బిడ్డా" అని.

వంతులు మనకు సమానంగ కనవడ్తయి. గని ఆమెకు ఏ ఇల్లూ తనది కాకుంట పోతది. ఇప్పుడు అమ్మ ఊర్లనే చిన్న తమ్ముని కాడ ఉంటది. నేను, అన్న పైసలు పంపుతం, దవఖాన పని వడ్డప్పుడు కరీంనగర్ల నేను చూసుకుంట. తమ్మునికి పొలం పని ఉన్నప్పుడు నేనే వోయి ఉంట. తలా నాలుగు నెలలు అని మాత్రం ఒప్పుకోకు అక్కా.

నరసరావుపేట_అన్న:

నేను కొంచెం గట్టిగా చెబుతా, ఏమీ అనుకోవద్దు చెల్లమ్మా. 74 ఏళ్ల మనిషి, షుగరు, బీపీ, మోకాళ్లు. ఒంటరిగా ఎలా వదిలేస్తారు? అడిగితే ఏ తల్లయినా "నాకేం, నేనుంటాను, మీ పనులు చూసుకోండి" అనే అంటుంది. పిల్లలకి బరువు కాకూడదని అంటుంది ఆ మాట. దాన్ని పట్టుకుని వదిలేసి వచ్చేస్తామా? రాత్రి బాత్రూంలో కాలు జారితే తెల్లారి పాలవాడు వచ్చేదాకా చూసే దిక్కు లేదు. మా వీధిలోనే జరిగింది ఇది. తీసుకెళ్లండి. రెండు నెలలు బాధపడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. మనం బడికి పోనని ఏడిస్తే వాళ్లు మానిపించారా?

రాజమండ్రి_అమ్మమ్మ:

నాకు 73 నిండాయి. మనవరాలు ఈ ఫోరం చూపించింది, టైపింగ్ దానిదే, మాటలు నావి. ఇక్కడ అందరూ పిల్లలే రాస్తున్నారు. అమ్మ వైపునుంచి నేను రాస్తాను.

నరసరావుపేట బాబూ, నీ భయం సరైందే. కానీ బడికి పంపిన పిల్లవాడు సాయంత్రం ఇంటికొస్తాడు నాయనా. నన్ను తీసుకెళితే నేను ఎక్కడికి రావాలి?

మావారు పోయి ఆరేళ్లయింది. అప్పటిదాకా నాకు రోజంటే ఆయన చుట్టూ తిరిగేది. ఐదున్నరకి కాఫీ, ఎనిమిదింటికి బీపీ బిళ్ల, పదకొండింటికి పేపరు మీద పోట్లాట. ఆయన పోయాక మనిషి లేడన్న దిగులు ఒకటైతే, పదకొండయినా ఎవరూ పిలవకపోవడం ఇంకొకటి. ఇంట్లో వస్తువులన్నీ ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి నేను నిలబడ్డాను. చీకట్లో కూడా ఉప్పుడబ్బా మీదికి నా చెయ్యి పోతుంది. కూతురింట్లో మొదటివారం నీళ్ల గ్లాసు కూడా అడిగి తెచ్చుకున్నాను. వాళ్లు ఎంతో ప్రేమగా చూశారు. అయినా పొద్దున్న వాళ్లు ఆఫీసుకి, పిల్లలు కాలేజీకి పోతే పదో అంతస్తులో తలుపేసుకుని కూర్చుంటే, ఒంటరితనం ఇక్కడికంటే అక్కడే ఎక్కువ.

అమ్మాయీ, ఇంకో సంగతి. మీ ఇళ్లలో ఏ పద్ధతో నాకు తెలియదు. మా వైపు సంవత్సరీకం అయ్యేదాకా భర్త పోయినావిడ ఇల్లు వదిలి ఎక్కువరోజులు ఉండకూడదనే పట్టింపు ఉంది. నిద్రలకి పుట్టింటివాళ్లు తీసుకెళ్లాకే ఎక్కడికైనా. మీ అమ్మ "చూద్దాంలే" అంటోంది అంటే, చదువుకున్న కూతురికి ఆ పట్టింపు సంగతి చెప్పడానికి మొహమాటపడుతోందేమో. ఒకసారి అడుగు. అలాగే పేరంటాలకి పిలవడం మానేశారా, పక్కింటివాళ్లు ఎదురొస్తే తప్పుకుంటున్నారా, అదీ కనుక్కో. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అది. ముప్పై ఏళ్లు నా చేత తాంబూలం పుచ్చుకున్న మనిషి, శ్రావణమాసంలో నా గుమ్మం దాటి పక్క గుమ్మానికి వెళ్లింది. మా కోడలు ఆ సాయంత్రమే చీర, పూలు తెచ్చి నా చేతిలో పెట్టి, నా కాళ్లకి దండం పెట్టి, తాంబూలం నన్నే ఇమ్మంది. అలాంటిది ఒక్కటి చెయ్యండి. మందులకంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇల్లు మాత్రం మొదటి ఏడాదిలో అమ్మకండి. ఎవరు తొందరపెట్టినా సరే.

సిక్కోలు_చిన్నోడు:

అమ్మమ్మగారికి దండాలు. నేను దగ్గరుండి చేసేవాళ్ల తరఫున రాస్తున్నాను. మాది ఆమదాలవలస పక్క. అన్నయ్య, అక్క బయట స్థిరపడ్డారు, ఉన్న ఊళ్లో బడిపంతులు ఉద్యోగం కాబట్టి నాన్న నా దగ్గరే. పక్షవాతం, మంచం మీద ఉన్నారు. రెండుగంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద పుండు పడుతుంది. గాలి పరుపు వేశాక కూడా తిప్పాల్సిందే. రాత్రుళ్లు నేనూ నా భార్యా అలారం పెట్టుకుని మార్చిమార్చి లేస్తాం.

నాన్నకి చేయడం నాకు కష్టమనిపించదు. కష్టమనిపించేది ఫోన్లో వచ్చే ప్రశ్నలు. "ఆ డాక్టరుకి ఎందుకు చూపించారు, ఈ డాక్టరుకి చూపించాల్సింది", "నాన్న చిక్కిపోయారేంటి". వీడియోలో రెండు నిమిషాలు చూసి అడుగుతారు. డబ్బు పంపుతారు, కాదనను. కానీ నా భార్య తన పుట్టింట్లో ఒక రాత్రి ఉండి ఎంతకాలమైందో ఎవరూ అడగరు.

దూరంగా ఉన్న అన్నలకీ అక్కలకీ ఒకటే మనవి. ఏడాదికోసారి పండక్కి చుట్టాల్లా రాకండి. పదిరోజులు సెలవు పెట్టి వచ్చి, మమ్మల్ని బయటికి పంపించి, మీరు చెయ్యండి. తెనాలి అక్కా, రేపు మీ అమ్మగారి విషయంలో ఏ ఏర్పాటు చేసుకున్నా, ఈ సెలవు ముందే మాట్లాడుకోండి. ఎక్కువ భాగం మీమీదే పడేట్టుంది.

న్యూజెర్సీ_గోదారోడు:

సిక్కోలు తమ్ముడూ, నువ్వు రాసింది మా అన్నయ్య రాసినట్టుంది. చదివి వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను.

ఇటువైపు మాట కూడా వినండి. నేను హెచ్1బీ మీద ఉన్నాను. అమ్మకి సీరియస్ అని ఫోనొచ్చినప్పుడు టికెట్ కొనేముందు చూసింది వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఉందా అని. తిరిగి రాలేకపోతే ఇక్కడ భార్యాపిల్లలు ఏంకావాలి? ఆ లెక్క వేసుకుంటున్నందుకు మన మీద మనకే కంపరం పుడుతుంది. వెళ్లాను. దోహాలో విమానం మారుతుండగా మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత నాలుగున్నర గంటల ప్రయాణం, పక్కన కూర్చున్నాయన "పండక్కా?" అని అడిగాడు. అవునన్నాను.

మేడమ్, మీ తమ్ముడు ఇల్లు అమ్ముదామనడం డబ్బు కోసమే అనుకోకండి. మా ఇల్లు అమ్మేయాలని నాకూ అనిపించింది. అక్కడ తాళం వేసిన ఇల్లు ఒకటి ఉందంటే ప్రతి ఫోన్ రింగుకీ గుండె ఝల్లుమంటుంది. అన్నీ తెగ్గొట్టేస్తే ఆ భయం పోతుందనిపిస్తుంది. పోదు. "అమ్మకి కమోడ్ మార్పించాలి, సీసీ కెమెరా పెట్టించాలి, ఆ పని నువ్వు చూడు" అని ఒక స్పష్టమైన బాధ్యత అప్పజెప్పండి. దూరంగా ఉన్నవాడికి కావలసింది పని. ఏం చేయాలో తెలియకే సలహాలిస్తుంటాం.

ఫిజియో_కాకినాడ:

నేను ఇళ్లకి వెళ్లి పెద్దవాళ్లకి ఫిజియోథెరపీ చేస్తాను. అమ్మగారు ఒంటరిగా ఉండగలరా లేదా అన్నది వాదనలతో తేలదు, ఆవిడ నడక చూస్తే చాలావరకు తెలుస్తుంది.

కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. ఫోన్‌లో టైం పెట్టండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. అంతమాత్రాన ఒంటరిగా ఉండకూడదని కాదు, ఇల్లు మార్చాలి, కాళ్లకి బలం రావాలి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా దారి మీరే ఒకసారి లైటు వేయకుండా నడిచి చూడండి. గడప ఎంత ఎత్తు, డోర్‌మ్యాట్ జారుతోందా, తడి గచ్చు ఎక్కడుంది, అన్నీ తెలుస్తాయి. కమోడ్ పక్కన స్టీలు హ్యాండిల్ గోడలోకి బోల్టులేసి బిగించాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకుని లేస్తారు చాలామంది, అది ఊడివచ్చే పడతారు. లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. తిరుగుతుంటే బీపీ బిళ్ల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ఇంకొక్కటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. నిన్నటిదాకా బాగున్న పెద్దావిడ ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే "మతిమరుపు జబ్బు వచ్చేసింది" అనుకుని కూర్చోకండి. సోడియం పడిపోయి ఉండొచ్చు. బీపీకని ఉప్పు పూర్తిగా మానేసి, పైగా ఒంట్లో నీరు తీసే బీపీ బిళ్ల వాడుతుంటే ఇది బాగా చూస్తాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా అలాగే మాట్లాడతారు. రెండూ పరీక్షల్లో తెలుస్తాయి, రెండూ వైద్యంతో తగ్గుతాయి. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నెమ్మదిగా పెరుగుతున్న మరపయితే విటమిన్ బీ12, థైరాయిడ్ కూడా చూపించాలి. భర్త పోయిన దిగులులో కూడా మరపు వస్తుంది.

ఇక మీ సంగతి. గుండె దడ దిగులు వల్లే అని మీకు మీరే తేల్చుకోవద్దు. నాన్నగారిది గుండెపోటు, మీకు 48. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. నెలసరి మారే వయసులో కూడా దడ, నిద్ర తెగిపోవడం ఉంటాయి. అమ్మగారి రిపోర్టుల ఫైలు మీ దగ్గర ఉండే ఉంటుంది, మీదీ ఒకటి మొదలుపెట్టండి.

విశ్రాంత_క్యాషియర్:

ఒంగోలు నుంచి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కౌంటర్లో ఈ కేసులు చాలా చూశాను కాబట్టి కాగితాల సంగతి నేను రాస్తాను.

మరణం 21 రోజుల్లోపు నమోదు కావాలి, అది మీరు చేసేసి ఉంటారు. సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసి పెట్టుకోండి. తహసీల్దారు దగ్గర్నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. నాన్నగారి సిమ్ కార్డు అప్పుడే ఆపేయకండి, బ్యాంకు, గ్యాసు, కరెంటు పనులు తెమిలేదాకా రీచార్జి చేస్తూ ఉంచండి. ఆయన ఏటీఎం కార్డు మాత్రం వాడొద్దు. ఎంత అవసరమున్నా, ఆయన పోయాక ఆ కార్డుతో డబ్బు తీయడం సరికాదు. ఆయన ఆదాయానికి పన్ను రిటర్ను పడే పనైతే, పోయిన రోజు వరకు వారసులు వేయాలి.

నామినీ అంటే సొంతదారు అనుకుంటారు జనం. కాదు. బ్యాంకు నామినీ చేతికి డబ్బిస్తుంది, హక్కు వారసులందరిదీ. ఇల్లు నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారు, మీరు, మీ చెల్లెలు, మీ తమ్ముడు, నలుగురికీ సమాన వాటాలు. నాన్నగారి తల్లి జీవించి ఉంటే ఆవిడకీ ఒక వాటా. కాబట్టి "ఇల్లు అమ్మి ఆవిడ పేర వేద్దాం" అనేముందు, ఇందులో పావు భాగం ఆవిడ సొంతమని అందరికీ తెలియాలి.

నా అభిప్రాయం అడిగితే, పిల్లలు ముగ్గురూ వాటాలు అమ్మగారికే వదిలేసి, ఇల్లు మొత్తం ఆవిడ పేర పెట్టడం మర్యాద. పిల్లలకి రాసివ్వమని మాత్రం ఈ వయసులో ఒత్తిడి చేయొద్దు. ఎప్పటికైనా ఆవిడ తనకి తానుగా గిఫ్టు డీడ్ రాస్తే, "నన్ను చూసుకోవాలి" అనే షరతు అందులోనే రాయించండి. ఆ షరతు ఉండి పిల్లలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ డీడ్‌ని రద్దు చేయగలదు. మీ ఇంట్లో ఆ అవసరం రాదని తెలుస్తూనే ఉంది. చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా రాసి పెట్టుకోండి.

70 దాటారు కనుక ఆయుష్మాన్ వయ వందన కార్డుకి అర్హులు. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వానిది. 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్‌తో తీయించి, మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో ఇప్పుడే అడిగి రాసుకోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వెతుక్కోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, అమ్మగారిని బ్యాంకుకి మీతో తీసుకెళ్లండి. నలభై ఏళ్లు భర్త చూసుకున్న డబ్బు, ఇప్పుడు కొడుకో కూతురో చూసుకుంటారు, ఆవిడ సంతకం పెడుతుంది అంతే. అలా కానివ్వకండి. పాస్‌బుక్ ఆవిడ బీరువాలో ఉండాలి.

బాపట్ల_టీచర్:

తెనాలి అక్కా, అందరూ అమ్మగారి గురించి రాశారు. నేను మీ రెండో ప్రశ్నకి రాస్తాను.

మా అమ్మ క్యాన్సర్‌తో పోయింది. చివరి నెలల్లో ఇంట్లోనే ఉంచుకున్నాం. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. మార్ఫిన్ అనగానే మా బంధువులు "మత్తుమందు అలవాటవుతుంది" అని భయపెట్టారు. డాక్టరు చూసి మోతాదు చెబుతూ ఇచ్చేదానికి ఆ భయం అక్కర్లేదు. అమ్మ మూడు రాత్రుల తర్వాత మొదటిసారి నిద్రపోయింది ఆ మాత్ర వేసుకునే. పాలియేటివ్ కేర్ అంటే ఇక చేతులెత్తేయడం అనుకుంటారు. నొప్పి, ఆయాసం, నిద్రలేమి తగ్గించడమూ వైద్యమే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, చివరి దశలో ఉన్నవాళ్లని స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. ఎవరికైనా అవసరపడుతుందని చెబుతున్నాను.

సమాధి కార్యక్రమంలో నేనే పాటలు ఎత్తుకున్నాను. జ్ఞాపకార్థ కూడికకి వంటలు నేనే పురమాయించాను. కన్నీటి చుక్క లేదు. మా సంఘంలో "ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం" అన్నారు. నిబ్బరమేమీ కాదు, పనిలో ఉన్నానంతే. చాలా నెలలకి, నా బీపీ బిళ్లల కోసం మందుల షాపుకి వెళితే, ఆ అబ్బాయి అలవాటుగా అమ్మ షుగర్ బిళ్లల స్ట్రిప్ కూడా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఇవి వద్దు బాబూ" అనబోయాను, గొంతు పెగల్లేదు. ఆ అబ్బాయి స్టూలు వేసి కూర్చోబెట్టి, షట్టర్ సగం దించాడు.

మీకు అలాగే రావాలని లేదు. కొందరికి ఏడుపు రాదు, ప్రేమ తక్కువని కాదు. అక్కడి పనులు మీరు చేయకపోతే జరగవు గనక మీ ఒళ్లు ఆగింది. కానీ నిద్ర తెగిపోవడం, దడ ఇలాగే సాగితే ఒక్కరే మోయకండి. మనసు బాగోలేనివాళ్లు మాట్లాడుకునే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను. మొదటి ఫోన్లో ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు, అమ్మ ఏం వండేది అని అడిగింది.

కడప_భాయ్:

అస్సలాము అలైకుం, అందరికీ. మా అబ్బా బతికే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడు. మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చి నాలుగేండ్లు అయింది. మనిషి ఎదురుగానే ఉంటాడు, సాయంత్రం అయితే చాలు "ఇంటికి పోవాల, మా అమ్మ ఎదురుచూస్తా ఉంటాది" అని చెప్పులు వేసుకుంటాడు. కాదు ఇదే ఇల్లు అని వాదించేది లేదిప్పుడు. నేనూ చెప్పులేసుకుని చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తీసుకొస్తా. వచ్చేటప్పటికి మరిచిపోయింటాడు.

చావు వస్తే మూడోరోజు జియారత్, నలభైయో రోజు చాలీస్వా, ఊరంతా వచ్చి కూర్చుంటారు. ఇట్లా కొంచెం కొంచెం పోతా ఉంటే వచ్చి కూర్చునేదానికి ఎవరూ ఉండరు. నా లాంటోళ్లు ఇక్కడ ఇంకా ఉంటారని రాస్తా ఉండా.

చెల్లీ, నీకు చెప్పేది ఒకటే. మీ అమ్మ జవాబు చెప్పే స్థితిలో ఉంది. అడుగు. ఎక్కడ ఉంటావు అని మాత్రమే కాదు. రేపు ఐసీయూ దాకా వస్తే గొట్టాలు వేయమంటావా వద్దంటావా, అది కూడా మెల్లగా ఒకరోజు. ఇట్లా ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో దాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ అయినా గెజిటెడ్ ఆఫీసర్ అయినా సరిపోతుంది. మా అబ్బాకు ఏం కావాలో ఆయన చెప్పగలిగిన రోజుల్లో అడగాలని ఎవరికీ తోచదు. అందరి ఇండ్లల్లోనూ అంతే.

నరసరావుపేట_అన్న:

అమ్మమ్మగారూ, మీ మాట కాదనలేను. అయినా రాత్రిపూట ఒంటరిగా అంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఉంటే ఉండనివ్వండి, రాత్రికి మాత్రం ఎవరో ఒకరు ఉండేట్టు చూడండి. పైవాటా ఖాళీ అన్నారుగా.

తెనాలి_ఆడపడుచు:

అందరికీ చేతులెత్తి దండం. కొన్నాళ్లు రాయలేకపోయాను. మీ మాటలన్నీ ప్రింటు తీసుకుని బండిలో చదువుకుంటూ వెళ్లాను.

అమ్మని అడిగాను. తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఫోన్లో పెట్టి, మా ముగ్గురి ముందూ అడిగాను. రాజమండ్రి అమ్మమ్మగారూ, మీరు చెప్పిందే. ఏడాది అయ్యేదాకా కదలకూడదని మనసులో ఉంది, మేం నవ్వుతామేమో అని చెప్పలేదట. ఏడాది తర్వాత ఎండాకాలం నా దగ్గర, మిగతా రోజులు తెనాలిలో. అది ఆవిడ నిర్ణయం. తర్వాత వరసగా చెప్పింది, మేం రాసుకున్నాం. పైవాటా పిల్లలున్న కుటుంబానికి అద్దెకివ్వాలి, అద్దె తక్కువైనా ఫర్వాలేదు. కమోడ్ పెట్టించాలి. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి "తిన్నావా, మందు వేసుకున్నావా" అని అడగొద్దు, ఒక్కసారే చేసి ఏదైనా కబురు చెప్పాలి. నాన్న చొక్కాలు ఎవరికీ ఇచ్చేయొద్దు, ఆవిడ ఇచ్చినప్పుడే. ఐసీయూ మాట నేను ఎత్తలేకపోయాను కడప అన్నయ్యా. ఇంకోసారి.

తమ్ముడికి బాత్రూం పని, కెమెరా, డబ్బు అప్పజెప్పాను. రాత్రి పన్నెండింటికి మేస్త్రీతో వీడియోలో టైల్స్ గురించి మాట్లాడుతున్నాడు. వాడి గొంతులో ఇంత హుషారు సంక్రాంతి తర్వాత వినలేదు. చెల్లెలు డాక్టర్ అపాయింట్‌మెంట్లు, రక్తపరీక్షలు చూస్తానంది. నాకు ఏదో ఒక నెలలో పదిరోజులు సెలవని ముగ్గురం మాట్లాడుకున్నాం, సిక్కోలు తమ్ముడూ, అది నీ చలవ.

బ్యాంకుకి అమ్మ నాతో వచ్చింది. మేనేజర్ నావైపు చూసి మాట్లాడుతుంటే "ఖాతా నాది బాబూ" అంది.

నా ఈసీజీ బాగానే ఉంది. థైరాయిడ్ కొంచెం తేడా ఉందన్నారు, బిళ్ల మొదలైంది. 14416కి కూడా ఒకసారి మాట్లాడాను. ఏడుపు రాలేదు. బాపట్ల టీచర్ గారూ, రాకపోయినా ప్రేమ తక్కువని కాదన్నారే, ఆ మాట నాకు చాలా పనిచేసింది.

రెండు సందేహాలు. అద్దెకిచ్చేటప్పుడు కాగితం ఎవరి పేర రాయాలి, ఇల్లు ఇంకా నాన్న పేరే ఉంది కదా? అమ్మ నడక పరీక్షలో 12 దాటింది. కర్ర ఇస్తే "ముసలిదాన్నయిపోయానా" అని పక్కన పెట్టేసింది. బలవంతం చేయనా?

విశ్రాంత_క్యాషియర్:

అద్దె ఒప్పందం పదకొండు నెలలకి రాసుకోవడం మామూలు. వారసులుగా మీ నలుగురి పేర్లూ రాసి, అద్దె అమ్మగారి ఖాతాలో పడేట్టు రాయించండి. తమ్ముడి సంతకం ఇబ్బందైతే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపమనండి. ఆ కాగితం అమ్మకానికి కాకుండా అద్దె, పన్నులు, పేరు మార్పు వరకే పరిమితంగా ఉండాలి. అది ఎలాగూ పేరు మార్పుకి పనికొస్తుంది. వచ్చేవాళ్ల ఆధార్ తీసుకుని పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం మరిచిపోవద్దు.

రాజమండ్రి_అమ్మమ్మ:

"ఖాతా నాది బాబూ" అన్న ముక్క మనవరాలి చేత రెండుసార్లు చదివించుకున్నాను. మీ అమ్మ నంబరు నాకు విడిగా మెసేజ్ చెయ్యమ్మా, ఆవిడకి ఇష్టమైతేనే. పదకొండింటికి నేను ఖాళీ.

ఫిజియో_కాకినాడ:

కర్రకి బలవంతం వద్దు. ముందు కాళ్లకి బలం. కుర్చీని గోడకి ఆనించి పెట్టండి, జరగకూడదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవడం, నెమ్మదిగా కూర్చోవడం. అలా లేవలేకపోతే మొదట చేతులు ఆనించే లేవమనండి. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు, వారం తర్వాత పెంచండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకి లేపడం కూడా. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. షుగరుంది కాబట్టి పరగడుపున వద్దు.

తనంతట తానే కర్ర తీసుకున్న రోజున, ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి అవతలి చేత్తో పట్టుకోమనండి. కుడి మోకాలు నొప్పైతే ఎడమ చెయ్యి. అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు. కర్ర పిడి మణికట్టు ఎత్తుకి రావాలి, కింద రబ్బరు బుడిపె అరిగితే మార్చాలి. నెల తర్వాత మళ్లీ టైం పెట్టి ఇక్కడ రాయండి, చూద్దాం.